గ్రామీణ వర్తకము – పెద్ద సంస్థల పోటీ
చిన్న వర్తకునకు చట్టము కల్పించిన రక్షణ

మన గ్రామములలో వర్తకము అనాదిగా రెండు చోట్ల సాగుచు వచ్చినది. ఒకటి ఊరి నడుమనున్న దుకాణము; రెండవది వారమునకు ఒక దినమున జరుగు సంత. గత పది పదిహేనేండ్లలో ఈ రెంటికిని తోడుగా మూడవ అంగడి యొకటి వెలసినది. దానికి నేల లేదు, పందిరి లేదు, వేళ లేదు. అది మన చేతిలోని సెల్‌ఫోనునందే యున్నది. బియ్యము మొదలు బట్టల వరకు, ఎరువుల డబ్బాలు మొదలు ఎడ్ల మెడ గంటల వరకు దానియందు దొరకుచున్నవి. ఈ మూడవ అంగడిని నడుపువారు కొలదిమంది మాత్రమే. వారు మిక్కిలి పెద్ద సంస్థలవారు.

ఈ మార్పు వలన మేలు కలుగలేదని చెప్పుట సత్యము కాదు. పోచంపల్లి ఇక్కతు చీరెను, మంగళగిరి నేతను, కొండపల్లి బొమ్మను ఎక్కడో దూరదేశమున నున్నవారు కూడ చూచి కొనుటకు వీలు కలిగినది. పట్టణమునకు పోవు దారి ఖర్చు లేకుండ వస్తువు ఇంటికి వచ్చుచున్నది. దళారీల చేతులు మారకుండ సరకు అమ్ముకొను అవకాశము కొందరు చేతిపనివారికి లభించినది. కావున ఆన్‌లైన్ వర్తకమును ద్వేషించుట మా ఉద్దేశము కాదు. అంగడి క్రొత్తదైనను దాని న్యాయము పాతదే కావలెనని చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనవలసిన అవసరమేమని కొందరు అడుగవచ్చును. ఊరి దుకాణము కేవలము సరకులమ్ము చోటు కాదు. పంట చేతికి వచ్చువరకు అరువు పెట్టునది అదియే. అర్ధరాత్రి పసిబిడ్డకు కావలసిన వస్తువు తలుపు తట్టినంతనే ఇచ్చునది అదియే. సంత సన్నగిల్లినచో పంచాయతీకి వచ్చు రాబడి తగ్గును. ఆ రాబడితో వేయవలసిన వీధిదీపములును, తీయవలసిన మురుగుకాలువలును నిలిచిపోవును. న్యాయమైన పోటీలో ఓడి ఒక దుకాణము మూతపడిన, అది వర్తకములో సహజమే. కాని అన్యాయమైన పద్ధతులచే మూతపడినచో, అది ఒక కుటుంబము యొక్క నష్టము మాత్రమే కాదు, ఊరి నష్టము. ఈ రెంటికి గల భేదమును గుర్తించుటయే మొదటి మెట్టు.

సంత పాటదారుతో పోలిక

ఈ భేదమును వేరెవ్వరికంటెను పంచాయతీ సభ్యులే సులభముగా గ్రహింపగలరు. ప్రతి సంవత్సరము పంచాయతీ సంతను వేలము వేయును. పాట పాడుకొన్నవాడు నిర్ణయించిన రేట్ల ప్రకారము వర్తకుల వద్ద రుసుము వసూలు చేసికొనును. కోస్తా జిల్లాలలో దీనిని ఆశీలు అందురు. తెలంగాణములో సంతను అంగడి అనియు, రుసుమును తైబజారు అనియు వ్యవహరింతురు. పేరు ఏదైనను పద్ధతి ఒక్కటియే.

ఇపుడు ఒక పాటదారు ఈ క్రింది విధముగా ప్రవర్తించెననుకొందము. సంత మొగదలనే తన సొంత కూరగాయల దుకాణము పెట్టి, తక్కిన వారినందరిని వెనుకనున్న బురదలోనికి నెట్టినాడు. ఏ వర్తకుడు ఏ సరకు ఎంత అమ్మినాడో పుస్తకములో వ్రాసికొని, బాగుగా అమ్ముడైన సరకును మరుసటి వారము తానే తెచ్చి అమ్మినాడు. “నా సంతలో కూర్చుండువాడు పొరుగూరి సంతకు పోరాదు, పోయినను ఇక్కడికంటె తక్కువ ధరకు అమ్మరాదు” అని ఆంక్ష పెట్టినాడు. తన దుకాణములో కొంతకాలము నష్టమునకైనను అమ్మి, తక్కినవారు సంత విడిచిపోయిన పిదప ధరలు పెంచినాడు. ఎదురు చెప్పిన వర్తకునకు మరుసటి వారము చోటు లేదన్నాడు.

ఇట్టి పాటదారుని ఏ పంచాయతీయు ఒక్క నెలయైనను సహింపదు. అతడు ధనవంతుడైనందున కాదు. తెలివిగా వ్యాపారము చేసినందున కాదు. అందరికి చెందవలసిన సంతస్థలము తన అధీనములో నుండగా, ఆ అధికారమును తన సొంత దుకాణము కొరకు వినియోగించినందుననే. తక్కెడ పట్టినవాడే బేరగాడైనచో తూకమును ఎవరు నమ్ముదురు?

సెల్‌ఫోనులోని అంగడి విషయమునను అడుగవలసిన ప్రశ్న ఇదియే. అంగడిని నడుపు సంస్థ తాను కూడ అందులో వర్తకుడుగా దిగి, లేక తనకు కావలసిన వర్తకులను ముందుంచి, తక్కినవారికి దారి మూయుచున్నదా?

అన్యాయమైన పోటీ ఎన్ని విధములు?

పెద్ద సాంకేతిక సంస్థలపై అనేక దేశములలో వచ్చిన ఫిర్యాదులను పరిశీలించినచో అవి ముఖ్యముగా ఆరు తరగతులుగా కనిపించుచున్నవి.

మొదటిది, తనవారికి ముందు వరుస. కొనుగోలుదారుడు ఒక వస్తువు పేరు వ్రాసి వెదకినపుడు పైన కనిపించిన నాలుగైదు వస్తువులనే చూచును. పదవ పుటలో నున్న సరకు గిడ్డంగిలో నున్నదానితో సమానము. కావున వరుసను నిర్ణయించువాడే అమ్మకమును నిర్ణయించుచున్నాడు.

రెండవది, ఇతరుల లెక్కలను వాడుకొనుట. ఏ రంగు చీరె ఏ ఊరిలో ఎంత ధరకు అమ్ముడగుచున్నదో అంగడి నడుపు సంస్థకు తెలియును. అమ్మినవానికి తన లెక్క తప్ప వేరు లెక్క తెలియదు.

మూడవది, ఒకదానితో మరియొకటి ముడిపెట్టుట. ఒక వస్తువు కావలెనన్నచో అక్కరలేని మరియొకటి కూడ తీసికొనవలెనని నిర్బంధించుట. కరువు కాలమున పంచదార కావలెనన్న సబ్బు కూడ కొనుమని కొందరు వర్తకులు బలవంతము చేసినట్లే ఇదియు.

నాలుగవది, వేరొక చోట అమ్మరాదనియు, లేక వేరొక చోట తక్కువ ధరకు అమ్మరాదనియు కట్టడి చేయుట.

ఐదవది, పోటీదారుని పడగొట్టుటకై ఖరీదుకంటె తక్కువకు అమ్ముట. తక్కువ ధర యెల్ల నేరము కాదు. పంట చేతికి వచ్చిన దినములలో ధర తగ్గును. పాతసరకు వదిలించుకొనుటకు తగ్గించి అమ్ముదురు. ఉత్పత్తి ఖర్చుకంటె తక్కువకు, పోటీని తగ్గింపవలెనను లేక పోటీదారుని తొలగింపవలెనను తలంపుతో అమ్మినపుడే చట్టము దానిని తప్పుగా నెంచును.

ఆరవది, కారణము చెప్పకయే వర్తకుని తొలగించుట, లేక రుసుములను ఇష్టము వచ్చినట్లు పెంచుట. అమ్మకములన్నియు ఒకే వేదికమీద జరుగువానికి ఇది ఉన్నట్లుండి ఊరినుండి వెలివేసినంత పని.

చట్టము ఎట్లు వచ్చినది?

ఈ సమస్య యంత్రములతో పుట్టినది కాదు. వర్తకులు కూడబలుకుకొని సరకును బిగబట్టి హెచ్చు ధరకు అమ్మినచో వేయి పణముల దండనను కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. ఆధునిక కాలమున అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ కథ ప్రసిద్ధమైనది. ఆ సంస్థ రైలు కంపెనీలతో రహస్యముగా ఒప్పందములు చేసికొని, తన కిరసనాయిలుకు తక్కువ కూలి చెల్లించి, చిన్న శుద్ధి కర్మాగారములను ఒక్కొక్కటిగా మూయించినది. 1890లో ఆ దేశము గుత్తాధిపత్యమునకు వ్యతిరేకముగా షెర్మన్ చట్టమును చేసికొనెను. 1911లో వారి సుప్రీంకోర్టు ఆ సంస్థను 34 సంస్థలుగా విడదీయవలెనని తీర్పు చెప్పెను. నాడు సరకు పోవు దారి రైలుపట్టాలు. నేడు ఫోను తెర. దారిని చేతిలో పెట్టుకొన్నవాడు దారిన పోవువారిని పీడింపరాదను సూత్రము నాటికిని నేటికిని ఒక్కటియే.

మన రాజ్యాంగము 39వ అధికరణములో, ఆర్థిక వ్యవస్థ నడచు తీరు వలన సంపదయు ఉత్పత్తి సాధనములును సర్వజనులకు హాని కలుగునట్లు కొందరి చేతులలో పోగుపడరాదని ఆదేశించినది. తదనుగుణముగా 1969లో గుత్తాధిపత్య, నిర్బంధ వర్తక పద్ధతుల చట్టము వచ్చినది. అది ముఖ్యముగా సంస్థల పరిమాణముపై దృష్టి నిలిపినది. 1991 పిదప ఆర్థిక విధానము మారినందున దాని స్థానములో 2002 సంవత్సరపు కాంపిటీషన్ చట్టము, అనగా పోటీ చట్టము చేయబడినది. అన్యాయ ఒప్పందములను, ఆధిపత్య దుర్వినియోగమును నిషేధించు దాని నిబంధనలు 2009 మే 20 నుండి అమలులోనికి వచ్చినవి.

ఈ చట్టములో పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనదగిన సెక్షన్లు రెండు కలవు. మూడవ సెక్షను పోటీని దెబ్బతీయు ఒప్పందములను నిషేధించుచున్నది. నాలుగవ సెక్షను ఆధిపత్యమును దుర్వినియోగపరచుటను నిషేధించుచున్నది. ఇచట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. పెద్దదగుట నేరము కాదు. పెద్దతనమును అడ్డుపెట్టుకొని ఇతరుల దారి మూయుటయే నేరము. మర్రిచెట్టు ఎదిగినందుకు ఎవరును దండింపరు. పొరుగువాని చేనికి నీరు రాకుండ అడ్డుకట్ట వేసినవానినే దండింతురు.

ఈ చట్టమును అమలు జరుపు సంస్థ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా. దాని కార్యాలయము న్యూఢిల్లీలో నున్నది. ఫిర్యాదులో ప్రథమదృష్ట్యా బలము కనిపించినచో కమిషన్ తన డైరెక్టర్ జనరల్ చేత దర్యాప్తు చేయించును. తప్పు రుజువైనచో ఆ పద్ధతి మానుమని ఆజ్ఞాపించును. గత మూడు ఆర్థిక సంవత్సరముల సగటు వ్యాపార మొత్తములో పది శాతము వరకు జరిమానా విధింపవచ్చును. 2023లో జరిగిన సవరణ ననుసరించి ఈ లెక్కకు ప్రపంచమంతట జరిగిన వ్యాపారమును పరిగణింతురు. కమిషన్ ఆజ్ఞపై జాతీయ కంపెనీ లా అప్పీలు ట్రిబ్యునల్‌కును, అటుపై సుప్రీంకోర్టుకును అప్పీలు చేసికొనవచ్చును.

కొన్ని ముఖ్యమైన కేసులు

చట్టము పుస్తకములోనే నిలిచిపోలేదనుటకు కొన్ని ఉదాహరణములను ఇచట పొందుపరచుచున్నాము.

2022 అక్టోబరు 19న కమిషన్ హోటలు గదుల ఆన్‌లైన్ వర్తకమునకు సంబంధించిన కేసులో నిర్ణయము వెలువరించినది. మేక్‌మైట్రిప్, గోఐబిబో సంస్థలు తమ వేదికపై గదులు అమ్ముకొను హోటళ్లను వేరొక చోట తక్కువ ధరకు ఇయ్యరాదని కట్టడి చేసినవనియు, ఓయో సంస్థతో చేసికొన్న ఒప్పందము వలన దాని పోటీదారులైన కొన్ని హోటలు సంస్థలు వేదికనుండి తొలగింపబడినవనియు కమిషన్ నిర్ణయించినది. మేక్‌మైట్రిప్, గోఐబిబోలపై 223.48 కోట్ల రూపాయలు, ఓయోపై 168.88 కోట్ల రూపాయలు జరిమానా విధించినది. సంత పాటదారు పోలికలో మేము చెప్పిన ఆంక్షయే ఈ కేసులోని ముఖ్యాంశము.

మరుసటి దినమున, అనగా 2022 అక్టోబరు 20న, గూగుల్ సంస్థపై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధింపబడినది. ఆండ్రాయిడ్ ఫోనులు తయారు చేయువారు గూగుల్ యాప్‌లనన్నిటిని మూకుమ్మడిగా ముందే అమర్చవలెనను నిబంధనను కమిషన్ తప్పు పట్టినది. ఇది ముడిపెట్టుటకు నిదర్శనము. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించినది గాని, కమిషన్ ఇచ్చిన ఆదేశములలో నాలుగింటిని తొలగించినది.

2022 అక్టోబరు 25న అదే సంస్థపై మరియొక కేసులో 936.44 కోట్ల జరిమానా పడినది. యాప్‌లు తయారు చేసి అమ్ముకొను చిన్న సంస్థలు గూగుల్ వారి చెల్లింపు పద్ధతినే వాడవలెననియు, దానిపై రుసుము ఇయ్యవలెననియు నిర్బంధించుట ఈ కేసులోని వివాదము. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ తప్పును చాలవరకు నిర్ధారించి, జరిమానాను 216.69 కోట్లకు తగ్గించినది.

ఊరి దుకాణదారుల దృష్టిలో అన్నిటికంటె దగ్గరగా నున్నది అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ సంస్థల కేసు. ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ అను వర్తకుల సంఘము ఫిర్యాదు చేయగా, కమిషన్ 2020 జనవరి 13న దర్యాప్తునకు ఆజ్ఞాపించినది. కొందరు వర్తకులకే ప్రాధాన్యమిచ్చుట, కొన్ని ఫోనులను ఒకే వేదికపై అమ్మించుట, మితిమీరిన తగ్గింపులు – ఇవి ఆ ఫిర్యాదులోని ఆరోపణలు. ఆ సంస్థలు కర్ణాటక హైకోర్టుకు పోగా దర్యాప్తు నిలిచిపోయినది. 2021 జూన్ 11న హైకోర్టు వారి వాదమును త్రోసిపుచ్చినది. 2021 ఆగస్టు 9న సుప్రీంకోర్టు కూడ జోక్యము చేసికొనుటకు నిరాకరించినది. దర్యాప్తు జరుగవలెనా వద్దా అను ఒక్క ప్రశ్నకే ఏడాదిన్నర కాలము పట్టినది.

వీనికి తోడు విదేశీ పెట్టుబడిగల ఆన్‌లైన్ అంగళ్లకు కేంద్ర ప్రభుత్వము 2018 డిసెంబరులో కొన్ని నిబంధనలు ప్రకటించి, 2019 ఫిబ్రవరి 1 నుండి అమలు చేసినది. అట్టి వేదిక తానే సరకునకు యజమాని కారాదు. తనకు వాటాలున్న సంస్థ చేత తన వేదికపై సరకు అమ్మింపరాదు. మా వేదికపైననే అమ్ముమని ఏ వర్తకుని నిర్బంధింపరాదు అనునవి వానిలో ముఖ్యమైనవి.

ఆలస్యము వలని నష్టము

ఈ కేసులనుబట్టి చట్టమునకు పదును కలదని తెలియుచున్నది. అయినను ఒక లోపమును దాచుట తగదు. తీర్పు వచ్చుటకు పట్టు కాలము చిన్న వర్తకుడు ఓపిక పట్టగల కాలముకంటె ఎక్కువ.

ఇంగ్లండులో ఒక దంపతులు 2006లో ఫౌండెమ్ అను చిన్న సంస్థను స్థాపించిరి. వస్తువుల ధరలను పోల్చి చూపుట దాని పని. అది ప్రారంభమైన కొలది దినములకే గూగుల్ వెదకులాటలో అడుగునకు పోయినది. వారు 2009లో యూరపు కమిషన్‌కు ఫిర్యాదు చేసిరి. గూగుల్ తన సొంత ధరల పోలిక సేవను పైన చూపి, పోటీదారులను క్రిందికి నెట్టినదని ఆ కమిషన్ 2017లో నిర్ణయించి 242 కోట్ల యూరోల జరిమానా విధించినది. 2024 సెప్టెంబరు 10న యూరపు అత్యున్నత న్యాయస్థానము దానిని స్థిరపరచినది. న్యాయము గెలిచినది. కాని ఫౌండెమ్ సంస్థ 2016లోనే మూతపడినది. చేను ఎండిన పిదప కురిసిన వాన చెరువు నింపవచ్చును గాని ఆ యేటి పంటను బ్రదికింపజాలదు.

ఈ కారణముననే నష్టము జరిగిన పిదప విచారించుటకు బదులు, మిక్కిలి పెద్ద సంస్థలకు ముందుగనే కొన్ని విధులు నిర్ణయించు పద్ధతిని కొన్ని దేశములు చేపట్టినవి. యూరపు దేశముల సమాఖ్య చేసిన డిజిటల్ మార్కెట్ల చట్టము ప్రకారము 2023 సెప్టెంబరులో ఆల్ఫబెట్, అమెజాన్, ఆపిల్, బైట్‌డాన్స్, మెటా, మైక్రోసాఫ్ట్ సంస్థలను “ద్వారపాలకులు”గా ప్రకటించిరి. 2024 మార్చి 7 నుండి వారు ఆ విధులకు బద్ధులైరి. తమ సరకునకు ముందు వరుస ఇచ్చుకొనరాదనియు, వర్తకుల లెక్కలను వారిపై పోటీకి వాడరాదనియు అందు కలదు. మన దేశములోను కేంద్రము నియమించిన సంఘము 2024లో ఇట్టి చట్టమునకు ముసాయిదా సమర్పించినది. దీనిపై అభిప్రాయభేదములు లేకపోలేదు. ముందుగా కట్టుబాట్లు పెట్టినచో క్రొత్త ఆలోచనలకు అడ్డగుననియు, దేశీయముగా ఎదుగుచున్న సంస్థలకు భారమగుననియు కొందరు వాదించుచున్నారు. కట్టుబాటు లేనిచో ఎదుగుటకే చోటు మిగులదని మరికొందరు బదులు చెప్పుచున్నారు.

మరియొక పరిమితిని కూడ గమనింపవలెను. మన చట్టములో ఆధిపత్యము అనగా ఒక సంస్థ లేక ఒకే యాజమాన్యము క్రిందనున్న సంస్థల సమూహము యొక్క ఆధిపత్యము. రెండు వేర్వేరు పెద్ద సంస్థలు సమాన బలముతో నుండి, ఒకే తీరున ప్రవర్తించినను, వాని రెంటిని కలిపి ఆధిపత్యముగా లెక్కింపరు. అట్టి చోట ఫిర్యాదు మూడవ సెక్షను మీదనే ఆధారపడవలసి యుండును. కావున ఫిర్యాదు చేయుటకు పూర్వము తెలిసినవారి సలహా పొందుట మేలు.

ఫిర్యాదు ఎవరు, ఎట్లు చేయవచ్చును?

నష్టపోయిన వర్తకుడే గాక ఏ వ్యక్తియైనను, వినియోగదారుల సంఘమైనను, వర్తక సంఘమైనను కమిషన్‌కు సమాచారము అందజేయవచ్చును. చట్టములో “వ్యక్తి” యను మాటకు ఇచ్చిన నిర్వచనములో సహకార సంఘములును, స్థానిక సంస్థలును కూడ చేరియున్నవి. ఈ సంగతి చాలమందికి తెలియదు. చేనేత సహకార సంఘము తన సభ్యుల పక్షమున తానే ముందుకు రావచ్చును. ఒంటరి నేతగాడు పెద్ద సంస్థతో వివాదమునకు జంకును, సంఘము జంకనక్కరలేదు.

నియమము ప్రకారము రుసుము చెల్లించి సమాచారమును సమర్పింపవలెను. 2023 సవరణ ననుసరించి వివాదమునకు కారణము ఏర్పడిన నాటినుండి మూడు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవలెను; తగిన కారణము చూపినచో కమిషన్ ఆలస్యమును మన్నింపవచ్చును. వాది స్వయముగా హాజరు కావచ్చును, లేక న్యాయవాదిని గాని చార్టర్డ్ అకౌంటెంటును గాని నియమించుకొనవచ్చును. తప్పు రుజువైన పిదప నష్టపోయినవారు పరిహారము కొరకు అప్పీలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించుటకు కూడ చట్టము వీలు కల్పించినది.

అయితే ప్రతి తగాదాయు ఈ కమిషన్ పరిధిలోనికి రాదు. వచ్చిన సరకు పాడైనదను కొనుగోలుదారుని ఫిర్యాదునకు వినియోగదారుల కమిషన్ కలదు. 1915 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును. 2020 సంవత్సరపు ఈ-కామర్స్ నియమముల ప్రకారము ప్రతి సంస్థయు ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. అతడు 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. వస్తువులను ఏ ప్రాతిపదికపై వరుసలో పెట్టుచున్నారో వేదికవారు వివరింపవలెనను నియమము కూడ అందు గలదు. చిన్న ఉత్పత్తిదారుని సరకు కొన్న సంస్థ సొమ్ము ఇయ్యక జాప్యము చేసినచో, 2006 సంవత్సరపు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము క్రింద వేరు పరిష్కారము కలదు. ఒప్పందము ఉన్నను 45 దినములకు మించి గడువు ఉండరాదని ఆ చట్టము చెప్పుచున్నది. ఏ వ్యాధికి ఏ వైద్యుడో తెలిసికొని పోయినచో సగము శ్రమ తగ్గును.

పంచాయతీ చేయదగిన పనులు

ఇంత పెద్ద సంస్థల విషయములో పంచాయతీ చేయగలిగినది ఏమున్నదని నిరుత్సాహపడనక్కరలేదు. ఈ క్రింది పనులకు ఖర్చు స్వల్పము, ప్రయోజనము అధికము.

1. గ్రామములో ఆన్‌లైన్ వేదికలపై సరకు అమ్మువారి పట్టికను తయారు చేయవలెను. నేతపనివారు, పచ్చళ్లు పెట్టు మహిళా సంఘములు, బొమ్మలు చేయువారు ఏ వేదికపై అమ్ముచున్నారో తెలిసిననే కష్టము వచ్చినపుడు కూడి మాటలాడుటకు వీలగును.

2. ఒప్పంద పత్రమును చదివించుకొనకుండ ఒప్పుకొనరాదని అందరికి తెలుపవలెను. పత్రము ఇంగ్లీషులో నున్నచో పాఠశాల ఉపాధ్యాయుని గాని, చదువుకొన్న యువకుని గాని సహాయము కోరవచ్చును. రుసుము ఎంత, దానిని పెంచు అధికారము ఎవరిది, సరకు తిరిగి వచ్చినచో ఖర్చు ఎవరిది, వేరొక చోట అమ్ముకొనవచ్చునా అను నాలుగు ప్రశ్నలకు జవాబు తప్పక చూచుకొనవలెను.

3. ఆధారములను భద్రపరచు అలవాటు చేయవలెను. రుసుము మార్పు తెలిపిన సందేశములు, తొలగింపు నోటీసులు, తెరపై కనిపించిన ధరల చిత్రములు తేదీలతోసహా దాచవలెను. ఫోను పోయినను ఆధారము పోకుండ కాగితముపై ప్రతి తీయించి ఉంచుట శ్రేయస్కరము.

4. గింజలన్నియు ఒకే గాదెలో పోయరాదు. ఊరి అమ్మకము, సంత, సహకార సంఘము, ఒకటికి మించిన ఆన్‌లైన్ వేదికలు – వీనిలో కనీసము రెండు మూడు దారులు తెరచి యుంచుకొనవలెను. కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహముతో 2021 చివర ఏర్పడిన ఓఎన్‌డీసీ అను వ్యవస్థ యొకటి కలదు. ఏ కంపెనీ ఫోనునుండి యైనను వేరొక కంపెనీ ఫోనుకు మాటలాడగలిగినట్లే, ఒక యాప్‌లో నమోదైన వర్తకుని సరకును వేరొక యాప్‌లోని కొనుగోలుదారుడు కూడ చూడగలుగుట దాని ఉద్దేశము. అందు చేరినంతనే అమ్మకములు వాటంతట అవి రావు. సరకు నాణ్యమును, సకాలమున పంపుటయు వర్తకుని చేతిలోనివే.

5. చిన్న ఉత్పత్తిదారులచే ఉద్యమ్ నమోదు చేయింపవలెను. దీనికి రుసుము లేదు. న్యాయ సలహా అవసరమైనపుడు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి అచట ఉచిత సహాయము లభించును. 15100 నంబరునకు ఫోను చేసి వివరములు తెలిసికొనవచ్చును.

6. సంతను బాగుచేయవలెను. నీడ, త్రాగునీరు, మరుగుదొడ్డి, సరియైన తూకము, రసీదుతో వసూలు చేయు ఆశీలు ఉన్న సంతకు జనము వత్తురు. పాటదారు అందరియెడల సమముగా ప్రవర్తించునట్లు షరతులలో వ్రాయించి, అమలు జరుగునది లేనిది చూచుట పంచాయతీ బాధ్యత. తన సంతలో న్యాయము పాటింపని ఊరికి దూరపు సంస్థల అన్యాయమును ప్రశ్నించు నైతికబలము తక్కువ.

ఊరి దుకాణదారు కూడ తన వంతు చేయవలసి యున్నది. తూకములో కోత, గడువు దాటిన సరకు, బిల్లు ఇయ్యకుండుట – ఇవి కొనుగోలుదారుని ఫోను అంగడి వైపు త్రోలుచున్న కారణములలో కొన్ని. న్యాయమైన పోటీని కోరువాడు న్యాయముగా పోటీపడుటకు సిద్ధముగా నుండవలెను. చట్టము రక్షించునది పోటీనే గాని, పోటీకి భయపడువానిని కాదు.

పెద్ద సంస్థలు రాగూడదని గాని, ఫోనులో కొనరాదని గాని మేము చెప్పబోవుట లేదు. ఎవరి సరకు మంచిదో, ఎవరి ధర సరసమైనదో నిర్ణయించు స్వాతంత్ర్యము కొనుగోలుదారునిది. ఆ నిర్ణయమునకు ఎదుట నిలబడు అవకాశము చిన్న వర్తకునిది. ఈ రెంటి నడుమ ఎవరును అడ్డుగోడ కట్టకుండ చూచుట చట్టము పని. ఆ చట్టమొకటి కలదని గ్రామములోని ప్రతి వర్తకునకు, ప్రతి చేతిపనివానికి తెలియజేయుట పంచాయతీ పని. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, పైన చెప్పిన పట్టికను ప్రారంభించినచో ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.